ఎముక క్యాన్సర్‌కు కాలి ఆపరేషన్: ఇంటికొచ్చాక ఏ సమస్య ఎప్పుడు వస్తుంది, ఎందుకు వస్తుంది

ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఎక్కువగా పది, ఇరవై ఏళ్ల మధ్య వయసులో వస్తుంది. వచ్చేది కూడా మోకాలి దగ్గరే ఎక్కువ: తొడ ఎముక కింది కొసలోనో, మోకాలి కింద ఉండే పెద్ద ఎముక పై కొసలోనో. అమలాపురం, రాజోలు, పాలకొల్లు వైపు ఇళ్లలో దీన్ని మొదట ఆటలో తగిలిన దెబ్బ కిందే జమకడతారు. నాటుకట్టు, నూనె మర్దన అయ్యాక గానీ ఎక్స్‌రే దాకా వెళ్లరు. ఆ ఆలస్యం వేరే చర్చ. ఇక్కడి విషయం ఆ తర్వాతిది. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో, హైదరాబాద్ ఎంఎన్‌జేలోనో ఆపరేషన్ అయ్యి, కాలు దక్కించుకుని డెల్టాలోని ఇంటికి చేరాక జరిగేది.

ఆపరేషన్‌లో తీసేది గడ్డ ఒక్కటే కాదు. గడ్డ ఉన్న ఎముకను కీలుతో సహా, చుట్టూ ఒక పొర మంచి కండతో కలిపి, బయాప్సీ సూది దిగిన దారిని కూడా వదలకుండా కోసి తీస్తారు. ఖాళీ అయిన చోట మెగా ప్రోస్థెసిస్ అనే లోహపు ఎముకను పెడతారు. దాని కాడను మిగిలిన ఎముక మూలుగ గొట్టంలోకి దించి, తరచుగా బోన్ సిమెంటుతో బిగిస్తారు. మోకాలి చోట తలుపు బందు లాంటి కీలు ఉంటుంది. గడ్డ అంచులు శుభ్రంగా వచ్చినప్పుడు, కాలు ఉంచినా తీసేసినా ప్రాణానికి సంబంధించిన ఫలితం ఒక్కటే. కాలు ఉంచితే క్యాన్సర్ తిరగబెడుతుందన్న భయంతో ఇంట్లో తగువులు పడే కుటుంబాలు ఈ మాట సర్జన్ నోట ఒకసారి వినడం మంచిది.

అయితే కాలు ఉంచడానికి చెల్లించే మూల్యం వేరేగా ఉంటుంది. కాలు తీసేస్తే చిక్కులు చాలావరకు మొదటి కొన్ని నెలల్లోనే వచ్చిపోతాయి. లోహం పెడితే అవి ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా వస్తాయి. ఏది ఏ దశలో వస్తుందో ఇంటివాళ్లకు తెలిసి ఉంటే కాలి గొడవ చాలావరకు ముదరకముందే ఆగుతుంది.

మొదటి మూడు వారాలు

ఆపరేషన్‌కు ముందు సుమారు పది వారాలు కీమో నడుస్తుంది: మెథోట్రెక్సేట్, డాక్సోరూబిసిన్, సిస్‌ప్లాటిన్. పెద్దవాళ్లకు మెథోట్రెక్సేట్ లేని పద్ధతులు కూడా వాడతారు. పదకొండో వారం ప్రాంతంలో ఆపరేషన్. ఆ తర్వాత మళ్లీ కీమో, మొత్తం కలిపి ఏడు నెలల పైమాటే. ఆపరేషన్‌కూ, దాని తర్వాతి మొదటి కీమోకూ మధ్య విరామం మూడు వారాలు దాటితే ఫలితాలు తగ్గుతున్నాయని అధ్యయనాలు చెబుతున్నాయి. గాయం మానకుండా కీమో ఎక్కించలేరు. ఎక్కిస్తే తెల్ల కణాలు పడిపోయి గాయం చీము పడుతుంది. కాబట్టి కుట్ల దగ్గర నాలుగు రోజుల నిర్లక్ష్యం క్యాన్సర్ వైద్యాన్నే నాలుగు రోజులు వెనక్కి నెడుతుంది. గాయాన్ని గాయంగా మాత్రమే చూసేవాళ్లకు ఈ లంకె కనబడదు.

లోహం చుట్టూ ఇన్‌ఫెక్షన్ ఎంత మామూలు అన్నదానికి ఒక లెక్క ఉంది. 2022లో వెలువడిన పారిటీ అనే అంతర్జాతీయ పరిశోధనలో కాలి ఎముక గడ్డలకు లోహం పెట్టించుకున్న 604 మందిని ఏడాది పాటు గమనించారు. ఆపరేషన్ తర్వాత ఒక్కరోజు యాంటీబయాటిక్ ఇచ్చినవారిలో 16.7 శాతానికి, అయిదు రోజులు ఇచ్చినవారిలో 15 శాతానికి ఆపరేషన్ చోట ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఆ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా అయిదు రోజులు వాడినవారిలో మందు వల్ల వచ్చిన ఇబ్బందులే ఎక్కువ. ఇంటికొచ్చాక ‘ఇంకో కోర్సు వాడితే మంచిది కదా’ అని మందుల షాపులో కొనే మాత్రలు ఏ ధైర్యమూ ఇవ్వవని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

రక్తం, నీరు బయటికి లాగే డ్రెయిన్ గొట్టాన్ని రోజుకు వచ్చేది 30–50 మిల్లీలీటర్లకు తగ్గాక తీస్తారు. కుట్లు మామూలుగా రెండు వారాలకు, కీమో వల్ల చర్మం నెమ్మదిగా అతుకుతుంటే మూడు వారాలకు. కుట్లు తీసేదాకా కట్టు తడవకూడదు. కృష్ణా, గోదావరి జిల్లాల ఉక్కపోతలో చెమటకే కట్టు అంచులు లేచిపోతాయి; అలా లేచిన కట్టును పైన ప్లాస్టర్ వేసి అదమడం కాదు, మార్పించాలి. అయిదో రోజు తర్వాత కూడా కట్టు తడిసేంత నీరు కారుతుంటే, రంగు ఎర్రగా ఉన్నా తేటగా ఉన్నా, వాసన లేకపోయినా, ఆ రోజే ఫోను చేయాల్సిన విషయం. లోపల రక్తం గడ్డకట్టి నిలిస్తే అది సూక్ష్మజీవులకు పుట్టిల్లు. తొలి వారాల్లోనే గాయం తెరిచి కడిగి, కీలులోని ప్లాస్టిక్ ముక్క మార్చి, డాక్టరు చెప్పినన్నాళ్లు మందులు వాడితే లోహం నిలిచే అవకాశం బాగానే ఉంటుంది. నెలలు గడిస్తే సూక్ష్మజీవులు లోహం మీద జిగురు పొర కట్టుకుంటాయి. ఆ పొరలోకి మందు దూరదు. అప్పుడిక లోహం మొత్తం తీసేసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మ పెట్టి, వారాల తరబడి ఆగి, రెండో ఆపరేషన్‌లో కొత్తది అమర్చాలి. కుదరకపోతే కాలే తీయాల్సి వస్తుంది.

ఈ వారాల్లోనే పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంటుంది. పిక్క ఒక్కసారిగా బిగుసుకుని వాచినా, రెండు కాళ్ల కైవారంలో తేడా కనబడినా మర్దన చేయకూడదు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లగలదు. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో పొడిచినట్టున్నా అది అంబులెన్సు పని.

జ్వరం, ఆర్ఎంపీ, ఒక సూది

కీమో మళ్లీ మొదలయ్యాక ప్రతి విడతకూ ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్ల కణాలు అట్టడుగుకు పోతాయి. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం అంటే నరంలోకి యాంటీబయాటిక్ గంటలో పడాలి. డిజిటల్ థర్మామీటర్ ఇంట్లో ఉండి తీరాలి. నుదుటి మీద చెయ్యి వేసి చూసే లెక్క ఇక్కడ చెల్లదు. జ్వరం చూడకుండా పారాసిటమాల్ వేస్తే అంకె దాగిపోతుంది, రోగం దాగదు.

డెల్టా ఊళ్లలో రాత్రి పదకొండుకు జ్వరమొస్తే తలుపు తట్టేది ఆర్ఎంపీ ఇంటిదే. ఆయన దగ్గరుండే సూది చాలాసార్లు డైక్లోఫెనాక్. మెథోట్రెక్సేట్ ఎక్కించిన రోజుల చుట్టూ అది కిడ్నీల నుంచి ఆ మందు బయటికి పోవడాన్ని అడ్డుకుంటుంది. మందు ఒంట్లో నిలిచి నోరంతా పుండ్లు, రక్తకణాలు పడిపోవడం, కిడ్నీలు దెబ్బతినడం దాకా వెళుతుంది. కోట్రైమాక్సజోల్ మాత్రతోనూ ఇదే చిక్కు. గ్యాస్‌కు విరివిగా వేసే పాంటోప్రజోల్ కూడా ఆ మందును నిదానింపజేస్తుంది కాబట్టి ఆంకాలజీ (క్యాన్సర్ విభాగం) వాళ్లు చెప్పకుండా వేయకూడదు. ఇక ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు పిరుదులో ఏ సూది పొడిచినా లోపల రక్తం నిలుస్తుంది, ఆ నిలిచిన చోట చీము పడుతుంది. ఆర్ఎంపీని తిట్టడం ఇక్కడ అనవసరం. అర్ధరాత్రి అందుబాటులో ఉండేది ఆయనే. ఇంటివాళ్లు ముందురోజే వెళ్లి ‘మా వాడికి సూది వేయొద్దు, బండి మాత్రం మాట్లాడిపెట్టండి’ అని చెప్పిపెట్టుకోవడం ఎంతో మేలు.

చేతి సంచిలో ఒక కాగితం ఉండాలి. చివరి కీమో తేదీ, మందుల పేర్లు, చివరి రక్తపరీక్షలో తెల్ల కణాలు, ప్లేట్‌లెట్ల అంకెలు, పడని మందులు, ఆంకాలజీ వార్డు ఫోను. దానికి తోడు, లోపల పెట్టిన లోహపు భాగాల స్టిక్కర్ల నకలు. ఈ స్టిక్కర్లు ఆపరేషన్ నోట్‌లో అంటిస్తారు. పదేళ్ల తర్వాత ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క మార్చాల్సి వస్తే అది ఏ కంపెనీది, ఏ సైజుది అన్నది వాటి మీదే ఉంటుంది. దగ్గర్లోని పెద్దాసుపత్రి డ్యూటీ డాక్టరు ఈ కాగితం చూసి మొదటి డోసు ఇచ్చేయగలిగితే, పెద్ద ఊరికి ప్రయాణం తర్వాత చేయవచ్చు.

జులై, ఆగస్టుల్లో ఇంకో లెక్క చూసుకోవాలి. ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఎగిరితే లంక గ్రామాలకు రాకపోకలు పడవ మీదే. కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మీదికి నీళ్లొస్తే రాత్రిపూట దాటే దారే ఉండదు. కీమో తర్వాతి రెండో వారం వరద రోజుల్లో పడేలా ఉంటే, ఆ వారం రాజమండ్రిలోనో అమలాపురంలోనో చుట్టాలింట్లో ఉండటం భయస్తుల పని కాదు. చేతికి పిక్ లైన్ (కీమో ఎక్కించడానికి నరంలో ఉంచే గొట్టం) ఉన్నవాళ్లకు వారానికోసారి కట్టు మార్చడం, గొట్టం కడగడం కూడా ఆగకుండా జరుగుతుంది.

పథ్యం

కోసిన గాయం ఉన్నవాడికి పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు, చేప వేడి అని, వారాల తరబడి చారన్నంతో నెట్టుకొచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గాయం అతికేదే మాంసకృత్తులతో. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలి. యాభై కిలోల కుర్రాడికి 60–75 గ్రాములు. రెండు గుడ్లు పన్నెండు, రెండు గ్లాసుల పాలు పదహారు, వంద గ్రాముల చేప పద్దెనిమిది పైన, రెండు పూటలా గట్టి పప్పు మరో పదిహేను. డెల్టాలో బొచ్చె, రాగండి, కొర్రమీను చెరువు గట్టు మీదే దొరుకుతుంటే దీనికి పౌడరు డబ్బాల అవసరం పెద్దగా లేదు. కణాలు పడిపోయిన రోజుల్లో మాత్రం అన్నీ వేడివేడిగా, బాగా ఉడికినవి. ఆ పది రోజులూ చద్దన్నం, పచ్చి కూరముక్కలు, బండి మీద చెరుకు రసం మానాలి.

కోనసీమలో ఏ రోగానికైనా ముందు బోండం కొట్టి ఇస్తారు. సిస్‌ప్లాటిన్ ఒంట్లోని పొటాషియం, మెగ్నీషియం తోడేస్తుంది కాబట్టి కొబ్బరినీళ్లు మామూలుగా మంచివే. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందని రిపోర్టులో ఉంటే మాత్రం అదే పొటాషియం గుండెకు ముప్పు, అడగకుండా తాగించకూడదు. మెథోట్రెక్సేట్ ఎక్కే రోజుల్లో కూల్‌డ్రింకులు మానడం కూడా ఇలాంటిదే: మూత్రం పులుపెక్కితే మందు కిడ్నీల్లో పేరుకుంటుంది.

నడక: ఏ ఎముక అన్నదాన్ని బట్టి

తొడ ఎముక కింది కొస తీసి సిమెంటుతో లోహం బిగించినవాళ్లను రెండో, మూడో రోజే వాకరుతో నిలబెడతారు. మోకాలు వంచడమూ కొద్ది రోజుల్లోనే మొదలు. ఆరు వారాలకు తొంభై డిగ్రీలు వంగడం మామూలు లక్ష్యం. తొడ ముందు కండను మేల్కొలపడం అన్నిటికన్నా ముఖ్యం: మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలిని మంచానికి అదిమి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. పదేసి సార్లు, రోజుకు నాలుగైదు పూటలు. నొప్పికి హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటే నెలకే మోకాలు వంపులో బిగుసుకుంటుంది, తర్వాత తిన్నగా రాదు. నులక మంచం మధ్యలో జారి నడుమూ కాలూ వంచేస్తుంది. చెక్క మంచం, గట్టి పరుపు మేలు.

మోకాలి కింది ఎముక సంగతి వేరు, కష్టం ఎక్కువ. మోకాలి చిప్ప నుంచి దిగే స్నాయువు ఆ ఎముకకే అతుక్కుని ఉంటుంది. ఎముక తీసేటప్పుడు దాన్ని విడదీసి, పిక్క కండలో ఒక భాగాన్ని ముందుకు తిప్పి, ఆ కండకూ లోహానికీ కలిపి కుడతారు. అది అతికేదాకా, దాదాపు ఆరు వారాలు, మోకాలు తిన్నగా బ్రేసులో ఉండాలి. ‘పక్కింటి వాడికి పదో రోజే వంచారట’ అని ఇంట్లో వంచితే కుట్టు జారుతుంది. తర్వాత కాలు పైకెత్తితే మోకాలి కింది భాగం వేలాడిపోతుంది, మెట్లెక్కలేరు. అక్కడ ముందువైపు చర్మం పలుచన కాబట్టి ఇన్‌ఫెక్షన్ కూడా తొడ కంటే ఎక్కువ. పక్కనుంచి పోయే నరం సాగితే పాదం పైకి లేవదు. రోజూ పొద్దున బొటనవేలు పైకెత్తమని చూడటం ఒక నిమిషం పని. లేవకపోతే పాదాన్ని తొంభై డిగ్రీల్లో పట్టి ఉంచే స్ప్లింటు కట్టాలి, స్ప్లింటు లోపల మడమ ఒరుసుకుపోలేదని రోజూ చూడాలి, ఎందుకంటే మొద్దుబారిన చోట పుండు పడినా తెలియదు.

కొందరికి లోహం కాకుండా, తీసిన ఎముక మీది గడ్డను తొలగించి, ఆ ఎముకకే రేడియేషన్ ఇచ్చి తిరిగి అమర్చి ప్లేటు వేస్తారు. వాళ్లకు తొందర పనికిరాదు. కీమో నడుస్తున్నంతకాలం ఎముక అతకడం నిదానం. ఎక్స్‌రేలో అతుకు కనబడేదాకా నెలల తరబడి కాలి మీద బరువు పరిమితం. ‘పది కిలోల బరువే వేయాలి’ అన్న మాట చాలామందికి అర్థం కాదు. బరువు తూచే మెషీను మీద ఆ కాలు పెట్టి, ముల్లు పది దాకా వెళ్లేలా నొక్కి చూస్తే ఎంతో ఒంటికి తెలుస్తుంది.

ఇంట్లో మార్పులు తప్పవు. బాసింపట్టు, గొంతుకూచోవడం ఈ కీలుకు జీవితాంతం కుదరవు. నేల మీద కూర్చుని భోజనం, ఇండియన్ మరుగుదొడ్డి రెండూ మారాలి. పెరట్లో దొడ్డికి వెళ్లే దారి వానాకాలంలో పాచి పట్టి జారుతుంది. లోహపు కాడ చివర ఎముక విరిగేది ఇలాంటి పడిపోవడాల్లోనే, విరిగితే మళ్లీ పెద్దాపరేషనే. సిస్‌ప్లాటిన్‌తో అరికాళ్లు తిమ్మిరెక్కినవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. బ్లీచింగు చల్లి రుద్దించడం, గోడకు పట్టుకునే ఇనుప కడ్డీ, రాత్రికి దారిలో లైటు: ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఏళ్లు గడిచాక

కీమో అయిపోయి జుట్టొచ్చి, కాలేజీకి వెళ్తున్నాక అందరూ కాలిని మరిచిపోతారు. అప్పుడొచ్చే ఇన్‌ఫెక్షన్ రక్తం ద్వారా వస్తుంది: పుచ్చుపన్ను నుంచి, చిదిమిన సెగగడ్డ నుంచి, దమ్ములో దిగి నానిన కాలివేళ్ల సందుల నుంచి. ఆ కాలితో ఊడ్పుల్లో, రొయ్యల చెరువుల్లో దిగకుండా ఉండటమే మంచిది. తప్పదంటే మోకాలి బూటు, వచ్చాక సబ్బుతో కడిగి వేళ్ల సందులు పొడిగా తుడవడం. లోహపు కాలు కొత్తగా వేడెక్కినా, విశ్రాంతిలో కూడా సలుపుతున్నా, మచ్చ మీద చిన్న రంధ్రం పడి చుక్క చుక్కగా కారినా యాంటీబయాటిక్ మింగకూడదు. ముందు కీలు నీరు సూదితో తీసి, ఏ సూక్ష్మజీవి ఉందో తేల్చే కల్చరు పరీక్షకు పంపాలి. మాత్రలు మింగి వస్తే కల్చరులో ఏమీ పెరగకపోవచ్చు, డాక్టరు చీకట్లో మందు వేయాల్సి వస్తుంది.

ఇన్‌ఫెక్షన్ కాని నొప్పి తీరు వేరు. కూర్చుని లేచిన మొదటి నాలుగు అడుగులకు తొడలో కలుక్కుమని, నడిచేకొద్దీ తగ్గితే కాడ వదులవుతోందన్న అనుమానం. కీలు దగ్గర లొడలొడ, పక్కకు ఊగడం మొదలైతే లోపలి ప్లాస్టిక్ బుష్‌లు అరిగాయి. బుష్ మార్చడం చిన్న పని. ఊగుతున్నా నడిచేస్తూ వదిలేస్తే లోహం లోహాన్ని ఒరుసుకుని పెద్ద పని అవుతుంది. పదిహేనేళ్ల వయసులో పెట్టిన కీలు ఎప్పటికీ అదేనని ఏ సర్జనూ చెప్పడు. మొదటి ఆపరేషన్‌కు సర్కారు ఆరోగ్య పథకం వర్తించినా, తర్వాతి మార్పుకు ఎంత వర్తిస్తుందో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే అడగాలి.

ఎదిగే పిల్లలకు మరో లెక్క. తొడ ఎముక కింది కొస ఏడాదికి సుమారు 9–10 మిల్లీమీటర్లు, మోకాలి కింది ఎముక పై కొస 6 మిల్లీమీటర్లు పెరుగుతాయి. అది తీసేస్తే ఎదుగుదల అక్కడితో ఆగుతుంది. పదకొండేళ్ల అబ్బాయికి ఇంకా అయిదేళ్ల ఎదుగుదల ఉందనుకుంటే, తొడ ఎముక కొస తీసినప్పుడు తేడా నాలుగైదు సెంటీమీటర్లు. రెండు సెంటీమీటర్ల దాకా చెప్పు ఎత్తు పెంచి సర్దవచ్చు. అంతకు మించితే పొడవు పెంచగల ప్రోస్థెసిస్, లేదా ఎదుగుదల ముగిసే ముందు మంచి కాలి ఎదుగుదల ఆపడం లాంటివి ముందే లెక్కవేసుకోవాలి.

కాలు తీయాల్సి వచ్చినవాళ్లకు

మిగిలిన తొడను దిండు మీద ఎత్తిపెట్టడం మొదటి తప్పు. తుంటి వంపులో బిగుసుకుంటే కృత్రిమ కాలు నిలబడదు. రోజుకు రెండు మూడుసార్లు, ఇరవై నిమిషాలేసి బోర్లా పడుకోవాలి. కట్టును ఎనిమిది అంకె ఆకారంలో, చివర బిగువుగా, పైకి వెళ్లేకొద్దీ వదులుగా చుడితే వాపు దిగి ఆకారం వస్తుంది. గుండ్రంగా బిగిస్తే చివర ఉబ్బుతుంది. లేని పాదంలో నొప్పి రావడం పిచ్చి కాదు, నరాల సంగతి. గాబాపెంటిన్ లాంటి మందులు, అద్దం ముందు మంచి కాలిని కదిలించి చూసే అభ్యాసం చాలామందికి ఉపశమనం ఇస్తాయి. కీమోలో బరువు పడుతూ లేస్తూ ఉంటుంది కాబట్టి కృత్రిమ కాలిలో మిగిలిన తొడను దూర్చే మొదటి సాకెట్ వదులవడం మామూలే. డెల్టా బతుక్కి జైపూర్ ఫుట్ బాగా నప్పుతుంది. 1960ల చివర రాంచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథీ రూపొందించిన ఈ రబ్బరు పాదం చెప్పు లేకుండానే నడవనిస్తుంది, తడికీ బురదకూ పాడవదు.

తిరగబెట్టడం ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే, అదీ ముందు ఊపిరితిత్తుల్లో. అక్కడ చిన్న గడ్డలకు దగ్గూ రాదు, ఆయాసమూ రాదు. అందుకే ఒంట్లో బాగానే ఉన్నా మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి కాలి ఎక్స్‌రే, ఛాతీ పరీక్ష; ఆపై అయిదో ఏడు దాకా ఆరు నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి. డాక్సోరూబిసిన్ పడింది కాబట్టి గుండె ఎకో కూడా ఈ జాబితాలో ఉంటుంది. క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ చార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. ఆసుపత్రి ఇచ్చే ఫారంతో రాజమండ్రి, భీమవరం లాంటి స్టేషన్లలో టికెట్ చేయించుకోవచ్చు. బ్రేసు ఉన్న కాలికి కింది బెర్తు, ఆ కాలు నడిచే దారి వైపు కాకుండా కిటికీ వైపు వచ్చేలా చూసుకుంటే వచ్చేపోయేవాళ్లు దానికి తగలరు.